ఏడో తరగతి దగ్గర పెట్టిన కాపలా

బెంగళూరు కేంద్రంగా పనిచేసే కర్ణాటక హెల్త్ ప్రమోషన్ ట్రస్ట్ 2003లో పుట్టింది, ఎయిడ్స్ నివారణ కోసం. ఉత్తర కర్ణాటకలో సెక్స్ వర్కర్ల మధ్య ఏళ్ళ తరబడి తిరిగిన ఆ సంస్థ మనుషులకు ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురైంది. చాలామంది ఆ వృత్తిలోకి వచ్చింది పసితనం తీరకముందే, అదీ దేవదాసీ ఆచారం గుండా. మన జోగిని, బసివి లాంటిదే అది. 1982లో చట్టం చేసినా పూర్తిగా పోలేదు. అందుకని వాళ్ళు కథను చివరి నుంచి వెనక్కి చదువుకుంటూ వెళ్ళారు. రోగం, దానికి ముందు వృత్తి, దానికి ముందు చిన్ననాటి పెళ్ళో దేవుడికి విడవడమో, దానికీ ముందు మానేసిన బడి. అలా చదువుతూ ఏడో తరగతి పిల్ల దగ్గర ఆగారు.

నన్ను మొదట ఆకట్టుకున్నది ఈ ఆగిన చోటే. కర్ణాటకలో ఏడు దాటితే పిల్ల హైస్కూలుకి వెళ్ళాలి, అది తరచూ పక్క ఊళ్ళో ఉంటుంది. ఆ దారిలో మగపిల్లల వెకిలి మాటలు, ఇంట్లో పరువు భయం, ఈలోగా మేనమామ సంబంధం. చిన్న వయసు కాన్పుల సంగతీ ఇంతే. మన దగ్గర చిన్న వయసు గర్భం ఎక్కువగా పెళ్ళి వెంటే వస్తుంది కాబట్టి, కాపలా పెట్టాల్సింది కాన్పు దగ్గర కాదు, ఈ దారి దగ్గర.

విజయపుర, బాగలకోటె జిల్లాల్లో ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లల కోసం ఆ సంస్థ నడిపిన పథకం పేరు 'సమత'. ధైర్యంగా ఉండమని పిల్లకు పాఠం చెప్పి ఇంటికి పంపడం తేలిక. పదమూడేళ్ళది తండ్రికి ఎదురుచెప్పి పెళ్ళి ఆపుతుందా? సమత ఆ బరువు పిల్ల ఒక్కదాని నెత్తిన పెట్టలేదు. ఆడపిల్లల బృందాలతో పాటు తల్లిదండ్రులు, మగపిల్లలు, టీచర్లు, బడి అభివృద్ధి కమిటీలు, అందరితోనూ పని పెట్టుకుంది. వీళ్ళలో మగపిల్లల్ని కలుపుకోవడం నాకు బాగా నచ్చింది. దారిలో భయపెట్టేది వాళ్ళే గదా!

అమెరికాలో లాటినో పిల్లల కోసం ఆంటోనియా వియర్రుయెల్ బృందం చేసిన 'కుయిదాతె' అనే లైంగిక ఆరోగ్య పాఠాలదీ ఇలాంటి నేర్పే. 'జాగ్రత్తగా ఉండు' అని ఆ మాటకు అర్థం. ఇంటిమీద మమకారంతో పోట్లాడకుండా, దాన్నే జాగ్రత్తకు ఆధారం చేసుకున్నారు.

ఇక సమత కొలత సంగతి. 80 ఊళ్ళు తీసుకున్నారు; చీటీ వేసినట్టు 40లో పని, 40లో పోలిక. ఏడో తరగతి పిల్లల్ని 2014 నుంచి 2017 దాకా, హైస్కూలు ముగిసే వరకూ గమనించారు. ఏం చేయబోతున్నదీ, దేన్ని కొలవబోతున్నదీ ఫలితం తేలకముందే అచ్చువేశారు.

ఫలితం 2019లో వచ్చింది. హైస్కూలు పూర్తికానివాళ్ళు రెండు వైపులా దాదాపు నాలుగోవంతు. పెళ్ళైపోయినవాళ్ళు రెండు వైపులా దాదాపు పదోవంతు. అంటే తేడా లేదు. ఆ మూడేళ్ళలో పోలిక ఊళ్ళలోనూ ఆడపిల్ల చదువు మీద చూపు మారిపోయింది. పోలిక ఊళ్ళే లేకపోతే ఆ మార్పంతా తమ ఖాతాలో రాసుకునే వీలుండేది. రాసుకోలేదు. పైగా మొదటి లెక్కలోని 2,457 మందిలో చివర్లో మాట్లాడగలిగింది 1,788 మందితోనేనని ఆ అంకె కూడా బయటపెట్టారు. దొరకని వాళ్ళలో అత్తారింటికి వెళ్ళినవాళ్ళు ఎందరో అని చదివేవాడికి అనుమానం వచ్చేదీ ఆ అంకె వల్లే. 'అద్భుత విజయం' అని బ్రోచర్లు వేసుకునే రంగంలో ఇంతటి నిజాయతీ నేను అరుదుగా చూశాను. గెలవని పనిని మెచ్చుకుంటున్నానని తెలుసు. అయినా ఇది మంచి పనితనమే.

దీన్ని ముందు చదవాల్సింది మనవాళ్ళు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో అప్పటికే తల్లులైనవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు కర్ణాటకలో 5.4 శాతం, తెలంగాణలో 5.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం.