అగ్గిపుల్లకు రబ్బరు కీలు

బొమ్మల దుకాణాల్లో అమ్మే జోడింపు సెట్లు చాలావరకు బిగింపునే నమ్ముకుంటాయి. మెకానోలో నట్టూ బోల్టూ, ప్లాస్టిక్ దిమ్మెల్లో గుబ్బలూ చేసే పని అదే. కూర్చిన చోట కదలకూడదు. చవక వస్తువులతో సైన్సు బొమ్మలు చేసే అరవింద్ గుప్తా తన అగ్గిపుల్లల ఆటలో దీనికి ఎదురు నడిచారు. పుల్లా పుల్లా కలిసేచోట కదలికను ఉండనిచ్చారు. ఆ ఆటలోని పనితనమంతా ఈ ఒక్క నిర్ణయంలోనే ఉందని నా నమ్మకం. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసుకుంటూ, పక్కన పిల్లలకు ఏదైనా పని కల్పించాలనుకునే అమ్మానాన్నలకు ఇంతకంటే చక్కని ఆట నాకు తెలియదు.

ముందు ఆ కీలును దగ్గరగా చూద్దాం. సైకిల్ ట్యూబు వాల్వుకు తొడిగే సన్నని రబ్బరు గొట్టం ఉంటుంది. సైకిల్ షాపులో వాల్ ట్యూబ్ అని అడిగితే ఇస్తారు. దాన్ని బ్లేడుతో ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. అగ్గిపుల్లల కొనన ఉన్న మందు గీకెయ్యాలి. ముక్కలోకి అటునుంచి ఒక పుల్ల, ఇటునుంచి ఒక పుల్ల దూర్చితే కీలు తయారు. జిగురు అక్కర్లేదు, దారం అక్కర్లేదు. అగ్గిపుల్ల పలకలుగా ఉంటుంది, గొట్టం గుండ్రంగా ఉంటుంది. అందుకే రబ్బరు సాగి, పుల్ల నాలుగు అంచులనూ ఒడిసి పట్టుకుంటుంది. లోపల రెండు కొనలూ తాకకుండా నడుమ కాస్త ఖాళీ వదలాలి. గొట్టం వంగేది అక్కడే. పుల్లల్ని మరీ లోపలికి నెడితే కీలు బిగుసుకుపోతుంది, అంచున పెట్టి వదిలేస్తే జారిపోతుంది. ఎంతవరకు నెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు, నాలుగైదు పుల్లలు దూర్చేసరికి పిల్లల వేళ్లకే తెలిసిపోతుంది. ఆ రెండు పుల్లలతోనే కోణాల పాఠం మొదలవుతుంది. దగ్గరకు వంచితే అల్పకోణం, నిటారుగా నిలబెడితే లంబకోణం, ఇంకా విప్పితే అధికకోణం. పుస్తకంలో మూడు బొమ్మలుగా ఉండేవి ఇక్కడ ఒకే వస్తువు వేసే మూడు వేషాలు.

గుప్తా 1953లో బరేలీలో పుట్టారు. కాన్పూర్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1975లో బయటికొచ్చి, పుణెలోని టెల్కో ట్రక్కుల కర్మాగారంలో చేరారు. 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాకు వెళ్లారు. పల్లె బడుల్లో పిల్లలే ప్రయోగాలు చేస్తూ సైన్సు నేర్చుకునే కార్యక్రమం ఒకటి 1972లో 16 బడులతో అక్కడ మొదలైంది. ఖరీదైన పరికరాలు ఆ బడులకు అందవు. ఊరి సంతలో దొరికే వాటితోనే పని జరగాలి. ఆ సంత సరుకుల్లోంచే వాల్ ట్యూబ్ ఆయన చేతికి చిక్కింది. తర్వాత ఇదంతా పుస్తకమై, ఎన్నో భారతీయ భాషల్లోకి వెళ్లింది. ఆయన పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. పుస్తకాలనూ, చిన్న చిన్న వీడియోలనూ తన వెబ్‌సైటులో ఎవరైనా తీసుకునేలా ఉచితంగా పెట్టేశారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. నా దృష్టిలో మాత్రం ఆయన గొప్పతనం సామాను ఎంచుకోవడంలో ఉంది. బడి పిల్లవాడు పోగొట్టుకున్నా, విరగ్గొట్టినా ఎవరూ కోప్పడనంత చవకైన వస్తువులే ఆయన ఏరుకున్నారు.

ఇక కదలిక సంగతి. నాలుగు పుల్లలు, నాలుగు కీళ్లతో చతురస్రం చెయ్యండి. ఒక మూల పట్టుకుని నెట్టండి. క్షణంలో అది పక్కకు ఒరిగిపోతుంది. భుజాలు అవే, పొడవులు అవే, ఆకారం మాత్రం నిలబడదు. ఐదు పుల్లల పంచభుజి ఒకసారి ఇల్లులా, ఒకసారి పడవలా మారుతుంది. ఆరు పుల్లలదైతే చెప్పక్కర్లేదు, చేతిలో ఉన్నంతసేపూ రూపు మారుస్తూనే ఉంటుంది. ఇప్పుడు మూడు పుల్లలతో త్రిభుజం చేసి పిల్లల చేతికివ్వండి. కీళ్లు ఇందాకటివే, రబ్బరూ అదే. ఎటు నెట్టినా ఆకారం మారదు. పక్కా బిగింపులున్న సెట్టుతో చేస్తే చతురస్రం కూడా గట్టిగానే నిలబడేది, ఈ తేడా బయటపడేదే కాదు. ఇక్కడ కీలు ఏ బరువూ మొయ్యదు కాబట్టి, నిలబడే భారమంతా ఆకారం మీదే పడుతుంది. ఏ ఆకారానికి సొంత బలం ఉందో, ఏది బిగింపు మీద బతుకుతోందో పిల్లలు వేలితో నొక్కి తేల్చుకుంటారు. రాజమండ్రిలో 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద రైల్లో వెళ్లేటప్పుడు కిటికీ అవతల ఏటవాలు ఉక్కు దూలాలు ఒకదాని వెంట ఒకటి వెనక్కి పోతుంటాయి. ఈ ఆట ఆడిన పిల్లలు వాటిలో త్రిభుజాలను తామే ఏరుకుంటారు.

బల్ల మీది బొమ్మను పైకి లేపడానికి ఒక్కో కీలులో మూడో పుల్ల కావాలి. అందుకు వాడే పనిముట్టు తుమ్మ ముల్లు. కీలు నడుమ, సరిగ్గా ఆ ఖాళీ ఉన్నచోట ముల్లుతో చిల్లు పొడిచి, కొన చెక్కిన పుల్లను అందులోకి దిగేస్తారు. రబ్బరు తనంతట తనే మూసుకుని పుల్లను పట్టుకుంటుంది. త్రిభుజం మూడు మూలల్లోనూ ఇలా పుల్లలు నిలబెట్టి, పైన ఒక్కచోట కలిపితే చతుర్ముఖి అవుతుంది. పుల్లలు 6, కీళ్లు 4. ఎక్కడా ఊగదు. 12 పుల్లలు, 8 కీళ్లతో ఘనం చేస్తే మాత్రం అది కూలబడిపోతుంది. భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1864లో దీనికి ఒక లెక్క చెప్పాడు. ఇలాంటి చట్రం కదలకుండా నిలవాలంటే కీళ్ల సంఖ్యను మూడుతో గుణించి అందులోంచి 6 తీసేస్తే వచ్చినన్ని పుల్లలైనా ఉండాలి. చతుర్ముఖికి కావలసినవి 6, ఉన్నవి 6. ఘనానికి కావలసినవి 18, ఉన్నవి 12. తక్కువైన ఆ ఆరూ ఆరు ముఖాల మీద కర్ణాలుగా పెట్టాలి. కర్ణానికి అగ్గిపుల్ల పొడవు చాలదు. అది తెలిసిన క్షణం నాకెంతో ఇష్టం. పిల్లలు లేచి వెళ్లి కొబ్బరి చీపురులోంచి ఈనె విరిచి తెస్తారు, కొలుస్తారు, తుంచుతారు. హైస్కూలులో చదవబోయే పైథాగరస్ సిద్ధాంతంతో చేతికి ముందే పరిచయమైపోతుంది.

అమ్మానాన్నలు చెయ్యాల్సిన పని కొంచెమే, అయినా దాన్ని పిల్లలకు వదలకూడదు. బ్లేడూ మీదే, మందు గీకడమూ మీదే. పుల్లల్ని కాసేపు నీళ్లలో నానబెడితే మందు మెత్తబడి సులువుగా ఊడుతుంది. తర్వాత పుల్లల్ని బాగా ఆరనివ్వాలి, తడి పుల్ల గొట్టంలో జారుతుంది. ఊడిన మందును ఎండనివ్వకుండా నీళ్లతోపాటే పారబోయాలి. ముల్లు పొడవడం ఎనిమిదేళ్లు దాటిన వాళ్లకు నేర్పొచ్చు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం రబ్బరు ముక్కల్ని లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి డబ్బాలో వెయ్యాలి. చిన్న పిల్లలు నోట్లో పెట్టుకునేంత చిన్నవి అవి. వాల్ ట్యూబ్ కొనేటప్పుడు కొంచెం సాగదీసి చూడండి. చాలాకాలం షాపులో పడున్న రబ్బరు చిట్లుతుంది, అలాంటిదాన్ని ముల్లుతో పొడిస్తే చీలిపోతుంది. ఒక సాయంత్రం కూర్చుని కోసి గీకి పాత బిస్కెట్ డబ్బాలో పోసి ఉంచితే, ఆ తర్వాత మీరు పప్పు పోపు పెట్టుకుంటున్నంతసేపూ పిల్లలు తమంతట తాము ఆడుకోగలరు. చెప్పి చేయించే ఆట కాదిది. ఒరిగితే ఎందుకు ఒరిగిందో బొమ్మే చూపిస్తుంది.

మూడు పుల్లల కీలు చేతికి అలవాటయ్యాక నాలుగుకు వెళ్లాలి, నైపుణ్యం కావలసింది ఇక్కడే. రెండు సెంటీమీటర్ల ముక్క నడుమ ముల్లుతో అటు నుంచి ఇటు చిల్లు పొడిచి, ఇంకో ముక్కను అందులోంచి లాగుతారు. రబ్బరు లాగినప్పుడు సన్నబడి దూరుతుంది, వదలగానే ఉబ్బి బిగుసుకుంటుంది. రెండు ముక్కలూ అడ్డంగా నిలిచి నాలుగు మూతులు ఏర్పడతాయి. మూడో ముక్కనూ ఇలాగే ఎక్కిస్తే మూతులు ఆరవుతాయి. రబ్బరును రబ్బరుతోనే కట్టే ఈ ఉపాయం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఇలాంటి ఆరు మూతుల కీళ్లు 12 తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో మూతి కత్తెరతో తీసేస్తే ఐదు మూతుల కీళ్లు వస్తాయి. వాటితో 30 పుల్లలు కూర్చితే, 20 త్రిభుజాలు చుట్టూ కప్పిన గుండ్రటి బొమ్మ తయారవుతుంది. మాక్స్‌వెల్ లెక్కకు అది సరిగ్గా సరిపోతుంది. ఆదివారం పొద్దున మీరూ పిల్లలూ కలిసి దాన్ని పూర్తిచేశాక, అందులోంచి ఒక్క పుల్ల మీరు పీకేసి, ఆకారం ఎక్కడ వదులైందో పిల్లల్ని నొక్కి వెతకమనండి.