పాఠ్యప్రణాళిక ఎవరి కోసం?

మన విమర్శకులు కావ్యాన్ని, నవలను, కథను పరిశీలించినంత శ్రద్ధగా పాఠ్యప్రణాళికను పరిశీలించలేదు. అది కార్యాలయ పత్రమనీ, బోర్డు సమావేశంలో తేలిపోయే వ్యవహారమనీ వదిలేశాం. కాని ఒక విద్యార్థి ఏ తెలుగు చదువుతాడో, ఏది చదవకుండానే పట్టా పుచ్చుకుంటాడో నిర్ణయించేది ఆ నాలుగు పుటల కాగితమే. కనుక దాన్ని కూడా ఒక రచనగా స్వీకరించి గుణదోషాలు విచారించడం అవసరం. బెంగళూరు తరగతి గదిని దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసంలో ఆ ప్రయత్నం చేస్తాను.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిగ్రీ కళాశాల తరగతులకు తెలుగు సిలబస్ తయారుచేసే పని నాకు అప్పగించారు. ఆంధ్రదేశపు విశ్వవిద్యాలయాల సిలబస్‌లు ముందు పెట్టుకున్నాను. ప్రాచీన పద్యం, ఆధునిక పద్యం, నాటకం, వ్యాకరణం అన్న విభాగాలను అలాగే ఉంచి, పుటలు మాత్రం తగ్గించాను. మొదటిరోజు తరగతిలో పద్యం చదవమంటే ఒక అమ్మాయి లేచి మౌనంగా నిలబడింది. ఇంట్లో ఆమె మాట్లాడేది తెలుగే. బడిలో చదివింది కన్నడం, ఇంగ్లీషు. కాసేపటికి, "నాకు అక్షరాలు రావు సార్. మా ఇంట్లో మాట్లాడేది అసలైన తెలుగు కాదంటారు" అంది. అక్షరాలు రాకపోవడం కొద్ది వారాల్లో తీరే లోటు. రెండో మాట ఆమెకు ఎవరో నేర్పిన పాఠం. నేను రాసిన సిలబస్ ఆ పాఠాన్నే ఖాయం చేస్తున్నదని ఆ రోజు తెలిసింది.

2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 35 లక్షలకు పైబడి ఉన్నారు. వీరందరూ ఒక్క తీరువారు కారు. కోలారు, చిక్కబళ్ళాపురం, పావగడ ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్నవారు కొందరు. బెంగళూరు పాతపేటల కుటుంబాలవారు కొందరు. ఉద్యోగాల కోసం రాయలసీమ నుంచి, కోస్తా నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన వారి పిల్లలు మరికొందరు. ఒకే బల్ల మీద ఈ ముగ్గురూ కూర్చుంటారు. గుంటూరులోనో వరంగల్లులోనో తయారైన ప్రణాళికకు ఈ బల్ల కనిపించదు. దాన్ని కుదించి తెచ్చుకున్నంత మాత్రాన కనిపించదు.

విద్యాశాస్త్రంలో రాల్ఫ్ టైలర్ 1949లో ప్రకటించిన చిన్న పుస్తకం ఇక్కడ స్మరణీయం. అది మొదట షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన చెప్పిన ఒక కోర్సుకు సిలబస్. అందులో ఆయన వేసిన ప్రశ్నలు నాలుగు: ఏ ప్రయోజనాలు సాధించాలి? వాటికి ఏ అనుభవాలు కల్పించాలి? వాటిని ఏ క్రమంలో అమర్చాలి? సాధించామో లేదో ఎలా తెలుసుకోవాలి? మన తెలుగు సిలబస్‌లు చాలావరకు ఈ నాలుగింటికీ జవాబు చెప్పకుండా, ఏ పుస్తకాలు అన్న అయిదో ప్రశ్నతో మొదలై దానితోనే ముగుస్తాయి. కర్ణాటకలో 2021లో నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది, 2024లో మళ్ళీ మూడేళ్ళ డిగ్రీకి మారారు. చట్రం ఇలా మారినప్పుడైనా మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్ళాలి. ఉన్న పాఠాలనే కొత్త సెమిస్టర్లకు పంచితే అది సర్దుబాటు అవుతుంది గాని ప్రణాళిక కాదు.

మొదటి ప్రశ్నకు జవాబు విద్యార్థికి ఇప్పటికే ఏమి వచ్చునన్న దానిలో ఉంది. కన్నడ లిపి వచ్చినవాడికి తెలుగు లిపి పరాయిది కాదు. రెండూ ఒకే ప్రాచీన లిపి నుంచి విడివడ్డాయి. తలకట్టు తేడాలు, పోలికతో తికమకపెట్టే అక్షరాలు వేరుగా చూపిస్తే రెండు మూడు వారాల శ్రద్ధ చాలు. అలాగే పాలు–హాలు, పులి–హులి, పండు–హణ్ణు అన్న జంటలు పక్కపక్కన పెడితే పదాది పకారం కన్నడంలో హకారమైందని విద్యార్థి తానే కనిపెడతాడు. చెవి–కివి, చెయ్యి–కై, చెరువు–కెరె అన్నవి చూస్తే తెలుగులో పదాది కకారం ఎక్కడ చకారంగా మారిందో పట్టుకుంటాడు. కన్నడంలో ఊట అంటే భోజనం, తెలుగులో నీటి ఊట. కన్నడంలో అవసర అంటే తొందర, తెలుగులో అవసరం వేరు. రాజమండ్రి విద్యార్థికి ఇవి పుస్తకంలో చదివి నేర్చుకోవలసిన సంగతులు, బెంగళూరు విద్యార్థికి రోజూ నాలుక మీద ఉన్నవి. భాషాశాస్త్రానికి ఇంతకన్న మంచి ప్రవేశం లేదు. మనం మాత్రం ఈ కలిమిని లోపంగా లెక్కవేస్తున్నాం.

సాహిత్యం విషయమూ అంతే. చింతామణి తాలూకా కైవారంలో యోగి నారేయణులు తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పారు. నగర నిర్మాత కెంపేగౌడ గంగాగౌరీ విలాసం అనే తెలుగు యక్షగానం రచించాడని ప్రసిద్ధి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని పరిష్కరించి ప్రకటించింది. ఆ గ్రంథాన్ని ప్రభుత్వం నిషేధించేదాకా వెళ్ళింది వివాదం. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుంచి 1949 దాకా తెలుగు బోధించారు. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలు ఇప్పటికీ విమర్శకు మేలుబంతి. కన్నడ దేశంలో కూర్చొని ఆ స్థాయి తెలుగు విమర్శ రాయవచ్చునని మన విద్యార్థికి తెలియాలి. ఈ పేర్లు లేని బెంగళూరు తెలుగు సిలబస్‌ను నేను అసంపూర్ణమనే అంటాను.

ఇక చివరి ప్రశ్న, పరీక్ష. సిలబస్ ఏమి చెప్పినా విద్యార్థి నమ్మేది ప్రశ్నపత్రాన్నే. ఇది కొత్త తగాదా కాదు. పరీక్షలో తెలుగు వ్యాసరచన ఏ భాషలో సాగాలన్న చర్చ మద్రాసు విశ్వవిద్యాలయంలో వచ్చినప్పుడు, ఉపసంఘం నివేదికతో విభేదించి గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాశారు. వాడుకభాషకు పరీక్షలో చోటు లేకపోతే చదువులోనూ చోటుండదని ఆనాటి వ్యావహారికవాదులు గ్రహించారు. ఈనాడు ఇక్కడ ఆ తగాదా మరో రూపంలో ఉంది. జవాబుపత్రంలో "చేసినాను" అని రాస్తే ఎర్రగీత పడుతుంది. "చేశాను" అన్నది "చేసినాను" నుంచే వచ్చింది. అమ్మమ్మ మాటలో నిలిచిన పాతరూపాన్ని మనం తప్పుగా దిద్దుతున్నాం. ఆ గీతలు కొన్ని నేనూ గీశాను.

దీనికి ఒక మార్గం సూచిస్తాను. మొత్తం మార్కుల్లో నాలుగోవంతు ఒక నోటుపుస్తకానికి కేటాయించాలి. విద్యార్థి ఇంట్లో పెద్దవారు చెప్పిన ఒక కథనో, పనిపాటల ముచ్చటనో వారి మాటల్లోనే రాసుకోవాలి. తర్వాత దాన్ని పత్రికల తెలుగులోకి తిరగరాయాలి. రెండింటికీ ఉన్న తేడాలు ఒక పుటలో వివరించాలి. లిపి, మాండలికం, శిష్టవ్యావహారికం, వ్యాకరణం నాలుగూ ఇందులో పరీక్షకు వస్తాయి. గైడు కొని బట్టీపట్టడానికి మాత్రం వీలుండదు.

దీనికి రెండు ఆక్షేపణలు వస్తాయి. నన్నయ, తిక్కనలు లేని తెలుగు పట్టా ఏమి పట్టా అన్నది మొదటిది. వారిని తీసేయమనడం లేదు. మొదటి సెమిస్టరులో అక్షరాలతో పెనుగులాడే పిల్లవాడి ముందు పెట్టవద్దని, ఆధునికం నుంచి వెనక్కి నడిచి చివరి ఏడాదిలో వారిని చేరుకోవాలని అంటున్నాను. ఇక్కడి విద్యార్థి తెలుగు రాష్ట్రాల్లో పోటీపరీక్షలు రాయవలసివస్తే నష్టపోతాడన్నది రెండోది. ఇందులో నిజముంది. అందుకే స్థానిక భాష దగ్గర మొదలుపెట్టాలి గాని అక్కడే ఆగిపోకూడదు. మూడేళ్ళు ముగిసేసరికి ఏ సంపాదకీయాన్నైనా చదివి, దానికి తప్పులు లేని జవాబు రాయగలగాలి. ఆ మాట సిలబస్ మొదటి పుటలోనే ఉండాలి.

విద్యార్థులకు ఒక విన్నపం. ఈసారి మీ చేతికి సిలబస్ వచ్చినప్పుడు పుస్తకాల జాబితా తర్వాత చూడండి. ఇది ఎవరిని ఉద్దేశించి రాశారు, చదివాక నేను ఏమి చేయగలను అని ముందు అడగండి. జవాబు కనిపించకపోతే మీ అధ్యాపకులను అడగండి. నన్ను ఆ అమ్మాయి ఏమీ అడగలేదు, మౌనంగా నిలబడింది. అప్పుడైనా నేర్చుకున్నాను గాని, అడిగి ఉంటే ఇంకా ముందే నేర్చుకునేవాణ్ణి.