సిగ్నల్ పోయినా మాట వినే కారు

విశాఖలో మల్కాపురం మెయిన్ రోడ్డు మీద కారు అద్దం దించుకుని మాట్లాడితే పక్క సీట్లో మనిషికే సరిగ్గా వినపడదు. రిఫైనరీ ట్యాంకర్లు, సింధియా వైపు వెళ్లే బస్సులు, సందు దొరికితే చాలు దూరే ఆటోలు, వాటి హారన్లు. అంత గోలలోనూ "ఏసీ పెంచు" అన్న మాటని కారు పట్టుకుందంటే ఆ పనితనాన్ని ఒకసారి విప్పి చూడాల్సిందే.

ఈ సరదా మన మధ్యతరగతి కార్లలోకి గట్టిగా దిగింది 2019లో. ఆ మే నెలలో హ్యుందాయ్ వెన్యూ, జూన్‌లో ఎంజీ హెక్టర్ వచ్చాయి, రెండూ ఇంటర్నెట్ కోసం కారులోనే బిగించిన ఈ-సిమ్‌తో. "హలో ఎంజీ" అని పిలిచి, తెరవమనగానే సన్‌రూఫ్ తెరుచుకోవడం చూసి అందరం ముచ్చటపడ్డాం. నిజానికి సన్‌రూఫ్‌ది చిన్న మోటారు పని. కష్టమంతా అంతకు ముందే జరిగిపోతుంది.

మైకు సంగతే చూడండి. దానికి మన గొంతుతోపాటు కారు స్పీకర్లలో మోగే పాటా వినిపిస్తుంది. పాడేదీ మనిషి గొంతే కదా, వేరు చేయడం ఎలా? స్పీకరుకి ఏ ధ్వని పంపిందో కారుకి ముందే తెలుసు. అది అద్దాలకీ సీట్లకీ తగిలి మైకు దాకా ఎలా మారి వస్తుందో లెక్కకట్టి, విన్నదాంట్లోంచి దాన్ని తీసేస్తుంది. అద్దం దించినా, వెనక ఇంకొకరు ఎక్కినా ఆ లెక్క తప్పుతుంది. అందుకని నడుస్తున్నంతసేపూ దాన్ని సరిచేసుకుంటూనే ఉంటుంది. రెండు మైకులుంటే మరో ఉపాయం. డ్రైవరు గొంతు ఒకదానికి ముందు, రెండోదానికి సెకనులో వెయ్యోవంతు కూడా లేని తేడాతో చేరుతుంది. ఆ కాస్త తేడాతోనే మాట ఏ వైపు నుంచి వచ్చిందో పోల్చుకుని, మిగతా రొదని అణిచేస్తుంది.

"హలో ఎంజీ" లాంటి పిలుపు మాట వినడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. కారులోని చిన్న ప్రోగ్రాం ఒకటి ఆ మాట కోసమే చెవులు రిక్కించి కూర్చుంటుంది. ఆ తర్వాత మనం చెప్పేది సాధారణంగా సెకనుకు 16,000 నమూనాలుగా అంకెల్లోకి మారుతుంది. దాన్ని అర్థం చేసుకునే దూరపు కంప్యూటరుకి, అంటే సర్వర్‌కి, ఉన్నదున్నట్టు పంపితే సెకనుకు 256 కిలోబిట్లు. కుదించాక అందులో పదో వంతుతో పని గడిచిపోతుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నా మాట సర్వర్ దాకా వెళ్లగలిగేది ఇందుకే.

నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇక్కడుంది. మెర్సిడెస్ 2018లో ఏ-క్లాస్‌తో తెచ్చిన ఎంబీయూఎక్స్ అనే వ్యవస్థలో మాటని అర్థం చేసుకునే ఏర్పాటు కారులోనూ ఉంది, సర్వర్‌లోనూ ఉంది. ఇలా రెండు చోట్లా జవాబు తయారయ్యేటప్పుడు ఎవరి మాట వినాలి, సర్వర్ కోసం ఎంతసేపు ఆగాలి? తొందరపడితే సర్వర్ చెప్పబోయే మంచి జవాబు వృథా. ఆలస్యమైతే డ్రైవరు విసుగెత్తి మళ్లీ చెబుతాడు, రెండు ఆదేశాలూ గుద్దుకుంటాయి. "అద్దం దించు" అంటే ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. వాన పడుతుందా అనడిగితే సర్వర్ లేకుండా కుదరదు. ఏ మాట ఏ కోవలోదో తేల్చి ఆ కొద్ది క్షణాల గడువు పెట్టిన ఇంజనీరుకి దండం పెట్టాలి.

సింధియా దాటి యారాడ కొండెక్కండి. మలుపులో కొండ అడ్డమొచ్చి సిగ్నల్ పడిపోతే ఆ ఇంజనీరు బుద్ధి బయటపడుతుంది. మంచి పనివాడు చేసిన కారు అద్దం దించేసి, వాతావరణం అడిగితే మాత్రం "ఇప్పుడు నెట్‌వర్క్ లేదు" అని వెంటనే ఒప్పుకుంటుంది. నాసిరకంది అద్దానికి కూడా తెర మీద చక్రం తిప్పుతూ కూర్చుంటుంది. చేతికందే దూరంలో ఉన్న అద్దం కోసం ఎక్కడో ఉన్న సర్వర్‌ని బతిమాలే కారుని, ఎంత ఖరీదైనా సరే, నేను మెచ్చుకోను.

టాటా వాళ్లు 2023 హారియర్, సఫారీల్లో ఆరు భాషల్లో ఆదేశాలు పెట్టారు, తెలుగూ అందులో ఉంది. మన గాజువాక యాసకి అవి ఎంతవరకు తట్టుకుంటాయో మీరే చూడండి. కారు కొనేముందు టెస్ట్ డ్రైవ్‌ని షోరూము ముందు రోడ్డుతో సరిపెట్టకండి. పాట పెట్టించి, అద్దం సగం దించి, మల్కాపురం మీదుగా యారాడ ఘాట్‌కి తీసుకెళ్లమనండి. సిగ్నల్ లేనిచోట ఏ ఆదేశాలు పనిచేస్తాయో, ఉచిత గడువు అయ్యాక ఈ-సిమ్‌కి ఏటా ఎంత కట్టాలో సేల్స్ అబ్బాయి చేత కాగితం మీద రాయించుకోండి.