కోడియు కుంపటియు: మన వాఙ్మయమున పెరటి స్థానము

తెలుగునాట పసిపిల్లలు సైతము ఎరిగిన కథ యొకటి కలదు. ఒక ఊరిలో ఒక ముసలమ్మ. ఆమెకు ఒక కోడియు, ఒక కుంపటియు ఉండెను. ఆ కోడి కూసినంతనే ఊరు మేల్కొనెడిది. ఆ కుంపటిలోని నిప్పు పుచ్చుకొనిపోయి ఇరుగుపొరుగువారు తమ పొయ్యిలు రాజవేసికొనెడివారు. ఒకనాడు ముసలమ్మ ఊరివారిపై అలిగి, కోడిని కుంపటిని తీసికొని అడవికి పోయెను. తాను లేనిదే ఊరికి తెల్లవారదని ఆమె నమ్మకము. ఊరికి ఎప్పటివలెనే తెల్లవారెను. నాటినుండి ఎవడైన గొప్పలకు పోయినప్పుడు "వీని కోడీ కుంపటీ లేకున్న తెల్లవారదా?" యని మనము నవ్వుచున్నాము.

నీతి బాగుగనే యున్నది. అహంకారము తగదనుటలో ఎవరికిని భేదాభిప్రాయము లేదు. కాని గడియారము లేని ఊరికి వేళను, అగ్గిపెట్టె లేని ఊరికి నిప్పును ఇంతకాలము ఊరకే ఇచ్చినది ఎవరు? ఆ ఇచ్చినందుకు ఆమెకు దక్కినదేమి? ఈ ప్రశ్నలను కథ అడుగనీయదు, నవ్వించి తప్పించుకొనును. కథయొక్క ఈ స్వభావమే చాలవరకు మన సాహిత్యముయొక్క స్వభావమని మా అభిప్రాయము. ఇల్లును నిలబెట్టు చిన్న వస్తువులను అది సామెతకు వాడుకొనునేగాని, వానిని సాకిన చేతులను చూడదు. కర్నూలు, కడప మండలములవంటి మెట్టసీమలో ఈ చూడకపోవుట కేవలము సాహిత్యలోపము కాదు. దానివలన కలుగు నష్టము ఇంటివరకు వచ్చుచున్నది.

మన వాఙ్మయమున కోడికి స్థానమే లేదనుట సత్యము కాదు. గొప్ప స్థానమే కలదు. కాని అది పందెపు బరిలో. నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయునికిని నడిచిన కోడిపోరు పల్నాటి వీరుల కథకు మూలస్తంభము. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామము' ఓరుగల్లు వీధులలోని కోడిపందెమును ఎంతో సంబరముతో వర్ణించినది. పుంజుల రంగులనుబట్టియు, వారతిథులనుబట్టియు గెలుపోటములను నిర్ణయించు కుక్కుటశాస్త్రమొకటి ప్రత్యేకముగా వెలసినది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము అమలులో నున్నను, సంక్రాంతికి కోస్తా బరులలో కత్తులు కట్టిన పుంజులు నేటికిని పోరాడుచునే యున్నవి. పుంజునకు శాస్త్రమును, కావ్యమును, జూదమును లభించినవి. పెట్టకు లభించినది గంప మాత్రమే.

అట్లని ప్రాచీనులకు ఇంటిబ్రతుకు కనబడలేదనుటయు అన్యాయము. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో వానకాలమును వర్ణించుచు చూచినది సింహాసనముపై నుండి చూడదగినది కాదు. విడువని జడివానలో నిప్పుకొరకు ఇల్లిల్లు తిరుగుట, దొరికిన నిప్పు రాజకుండుట, తడికట్టెల పొగలో గృహిణి పడు పాట్లు ఆయన పద్యములోనికి వచ్చినవి. చేలలో దొరకు గురుగు, చెంచలి, తుమ్మి వంటి ఆకులను చింతచిగురుతో కలిపి నూనెలో వండిన కూరతో ఆరికకూడు తిని, మేకపెంటికల కుంపటిని మంచము క్రింద నుంచుకొని పడుకొను రెడ్లును వచ్చిరి. రెక్కలలో తల దూర్చి కాలువలో నిదురించు బాతులను చూచి, బ్రాహ్మణులు మరచిపోయిన పిండిన వస్త్రములని కావలివారు భ్రమపడుటయు వచ్చినది. చక్రవర్తి కంటికి కనబడిన వంటయింటి పొగ తరువాతి ప్రబంధకవులకు అంతగా కనబడలేదు. వారు ఉద్యానవనములో విహరించిరేగాని పెరటిలోనికి అడుగిడినది అరుదు. ఉద్యానమునకు చెలికత్తెలు కావలెను. పెరటికి పాత్రలు కడిగిన నీరు చాలును. వారు మొదటిదానినే కోరుకొనిరి.

ఇక ఆధునికుల మాట. సీమ సాహిత్యమును కరవు కన్నది. 1876-78 నాటి మహాక్షామమున బళ్ళారి, కర్నూలు, కడప మండలములు పడిన బాధ తరతరముల జ్ఞాపకములో నిలిచినది. విద్వాన్ విశ్వముగారి 'పెన్నేటి పాట'లోని రంగన్న, గంగమ్మల దారిద్ర్యమును చదివి కంట తడి పెట్టనివారు అరుదు. కడప మండలమున 1939లో జన్మించి 2023లో దివంగతులైన కేతు విశ్వనాథరెడ్డిగారు అక్కడి పలుకుబడిని, రైతు దిగులును కథలోనికి నిండుగా తెచ్చిరి; 1996లో వారి కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. వీరి సేవను మేము తక్కువచేయుట లేదు. కాని వీరి వెనుక వచ్చిన అనుకర్తల చేతిలో కరవు ఒక అలంకారమైపోయినది. నెర్రెలిచ్చిన నేల, ఎండిన బావి, ఆకాశము వైపు చూచు ముసలిరైతు: ఈ మూడును ఉన్నచో సీమకథ సిద్ధమైనట్లే. మరియొక వంక సినిమావారు 1999 నాటి 'సమరసింహారెడ్డి' మొదలుకొని సీమ యనిన వేటకొడవలి యని లోకమునకు చాటిరి. ఒకరు మాకు కన్నీరే ఇచ్చిరి. ఒకరు మాకు నెత్తురే ఇచ్చిరి. ఈ రెంటికి నడుమ దినదినము బ్రతుకుచున్న ఇల్లు ఎచ్చట?

ఆ యింటిని కొంచెము పరికింతము. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు సీమ యిది. ఆ వానయు వేళకు రాదు. కర్నూలు-కడప కాలువ క్రింద తడి గల గ్రామములను మినహాయించినచో తక్కినదెల్ల మేఘమును నమ్ముకొన్న నేల. చేను తప్పిన యేడు పురుషుడు వలసపోవును. ఇంట మిగిలినది స్త్రీ, పిల్లలు, పెరడు. పాత్రలు కడిగిన నీరు చిన్న కాలువగా పారి కరివేపచెట్టుకును అరటిపిలకకును చేరును. స్నానపు నీటితో సొరపాదు పెరిగి కప్పుమీదికి ప్రాకును. మునగచెట్టు ఆకును, కాయను ఇచ్చును. ఒక్క బిందెడు నీరు ముమ్మారు పనిచేయనిదే ఆ పెరడు పచ్చగా నుండదు. ఇది ఏ వ్యవసాయ కళాశాలలోను నేర్వని జలశాస్త్రము.

ఇక పెట్ట. నాటుపెట్ట ఏడాదికి 60 గ్రుడ్లకు అటునిటుగా మాత్రమే పెట్టును. ఫారంకోడి 300 దాటించును. లెక్కల పుస్తకములో నాటుకోడి ఓడినట్లే. కాని ఫారంకోడికి మేత కొనవలెను. నాటుకోడి పెంటకుప్ప కెలికి తన తిండి తానే సంపాదించుకొనును. ఫారంకోడి పొదుగుటను మరచిపోయినది. నాటుపెట్ట 21 దినములు గంపలో కదలక కూర్చుండి పిల్లలను లేపును, గద్ద నీడ పడినంతనే రెక్కల క్రింద దాచును. పెట్టను కొనలేనివారికి సగపాలునకు ఇచ్చు వాడుక పల్లెలలో కలదు: పెట్ట ఒకరిది, సాకుట మరొకరిది, పిల్లలు చెరిసగము. దస్తావేజు లేని ఒప్పందమిది. గ్రుడ్లమ్మిన పైకము స్త్రీ కొంగున ముడివడును. పలకయో, కిరసనాయిలో, జ్వరపు మాత్రయో ఆ ముడినుండియే వచ్చును. ఇంటి ఆదాయములో మగవాడు లెక్క అడుగని భాగము తరచుగా ఇదియే. ఇంతటి కథావస్తువు పెంటకుప్పపై తిరుగుచుండగా మన కథకులు ఆకాశము వైపు చూచుచున్నారు.

ఈ విమర్శను కోడిగ్రుడ్డుపై ఈకలు పీకుటగా భావించువారు ఉండవచ్చును. సాహిత్యము మహావిషయములను గూర్చినది, కోళ్ళగంపను గూర్చినది కాదని వారి వాదము. విషయము చిన్నదైనంత మాత్రమున చూపు చిన్నది కానక్కరలేదని మా సమాధానము. పొరుగున ఉన్న చిత్తూరు సీమనుండి నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారు 'పచ్చ నాకు సాక్షిగా' వ్రాసినప్పుడు తల్లి మాటయు, ఇంటి ఆకలియు, పశువుల సావాసమును సాహిత్యమునకు చాలినవని ఋజువైనది. అటువంటి పుస్తకము కర్నూలు, కడప పెరళ్ళనుండి ఇంకను రావలసియున్నది.

పెరడును స్వర్గముగా చిత్రింపుమనియు మేము కోరుటలేదు. అది మరియొక అబద్ధము. నేడు పట్టణపు భోజనశాలలు రాగిసంకటి, నాటుకోడిపులుసులను సీమ గౌరవముగా అమ్ముకొనుచున్నవి. ఆ కోడిని సాకిన యింట గ్రుడ్డు ముందుగా ఎవరి కంచములో పడుచున్నది, కడపట ఎవరికి మిగులుచున్నది అను ప్రశ్నను ఆ భోజనశాల అడుగదు. రచయిత అడుగవలెను. పెరడు స్త్రీకి కొంత స్వాతంత్ర్యము నిచ్చినది. ఆ పేరనే ఆమె వీపుపై మరికొంత చాకిరిని మోపినది. రెంటిని ఒక్కమారు చూడగలిగినదే సత్యమైన రచన.

ఈ చూడకపోవుట ఎచ్చట మొదలగుచున్నదో ఉపాధ్యాయులమైన మేము దినమును కనుచున్నాము. కోడిని గూర్చి వ్యాసము వ్రాయుమన్న, పిల్లలందరును ఒక్కటే వ్రాయుదురు: కోడి పెంపుడు పక్షి, దానికి రెండు కాళ్ళు గలవు, అది మనకు గ్రుడ్ల నిచ్చును. వారిలో ఒక బాలిక ఇంట పొదుగు పెట్టుటలో దిట్ట. ఏ గ్రుడ్డు మురిగినదో దీపమునకు ఎదురుగా పట్టి చెప్పగలదు. ఉరుములకు గ్రుడ్లు చెడునని అవ్వ గంపలో ఇనుపముక్క ఉంచునని నవ్వుచు చెప్పగలదు. ఇందులో ఒక్క ముక్కయు ఆమె వ్రాతలోనికి రాదు. తనకు తెలిసినది వ్రాయదగినది కాదని, వ్రాయదగినది తనకు తెలియదని ఆమెకు పుస్తకమే నేర్పినది. ఇంతకంటె క్రూరమైన పాఠము మరియొకటి లేదు.

చదువు మాటకు వత్తము. 2011 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లాయందు ఏడేండ్లు దాటిన స్త్రీలలో అక్షరాస్యులు నూటికి సుమారు 50 మందియే. 1883లో కర్నూలున జన్మించి, గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును జీవితమును ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి సీమలోని సంగతి యిది. ఆయన కీర్తిశేషులైన 1960లోనే ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చినది. మన ఇంటిపన్నుతో గ్రంథాలయ రుసుమును చెల్లించుచున్నాము. ఆ రుసుముతో కొన్న పుస్తకములలో కోళ్ళు సాకు స్త్రీ తనదని చెప్పుకొనదగినవి ఎన్ని? కొక్కెర తెగులు సోకినచో కొలది దినములలో గంపలు ఖాళీయగును. దానికి టీకా కలదు. ఆ సంగతిని ఆమె మాటలలో, పెద్ద అక్షరములతో చెప్పు చిన్న పుస్తకము ఆమె కొంగుముడిని కాపాడగలదు. కావ్యము ఆమెను చూడలేదు. కరపత్రమును ఆమెకు చేరలేదు. ఈ రెండు లోపములకును మూలమొక్కటే: ఆమె చదువరి కాగలదని మనము తలపకపోవుట.

కడపలో సి. పి. బ్రౌను దొరగారు పండితులకు జీతములిచ్చి, తాటాకు ప్రతులను సరిచూపించి, 1852లో ప్రకటించిన నిఘంటువున గ్రంథములలోని పదములతోపాటు జనుల నోటి మాటలనుగూడ చేర్చెను. పరదేశీయునకు కలిగిన ఆ శ్రద్ధ మనకేల కలుగరాదు? పెరటికి, గంపకు, పాదుకు, పొదుగుకు సంబంధించిన మాటలు అవ్వలతోపాటు వెడలిపోవుచున్నవి. పాఠకులలో ప్రతి యింటను చదువుకొన్నవారు ఒక్కరైన నుందురు. వారు రాత్రివేళ అరగంట ఇంటి స్త్రీలకు ఒక కథ చదివి వినిపింపవచ్చును. అది బాగున్నదో లేదో వారినే అడుగవచ్చును. పిదప వారు చెప్పినదానిని వారి మాటలలోనే, దిద్దక, కాగితముపై పెట్టవచ్చును. ఇందుకు సభలు అక్కరలేదు, చందాలు అక్కరలేదు. ఒక లాంతరును, కొంత ఓపికయు చాలును.

సీమనుగూర్చి ఏడ్చినవారు ఉన్నారు. సీమను చూపి భయపెట్టినవారును ఉన్నారు. సీమ ఎట్లు బ్రతికినదో చెప్పువారు ఇక రావలెను. వారు విద్వత్సభలనుండియే రావలెనని లేదు. చదువు వచ్చినచో, చదివినది తనదిగా తోచినచో, పెరటి వాకిటనుండి వారు తామే రాగలరు.