తెల్లకాగితం ఎవరి చేతిలో చెల్లుతుంది?

ఒప్పందం వేరు, హక్కు వేరు అంటుంది చట్టం. 1882 ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం దానంతటదే భూమి మీద ఏ హక్కూ పుట్టించదు. వంద రూపాయలు, ఆపై విలువ చేసే భూమి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది.

సూత్రం బాగానే ఉంది. కానీ తెలంగాణ పల్లెలో సాదాబైనామా ఎట్లా పుట్టింది? దొర దగ్గర ఎకరమో అరెకరమో కొన్న మాల మాదిగలు పైసలు కట్టిండ్రు. నలుగురి ముందు తెల్లకాగితం మీద వేలిముద్రలు పడ్డయి. రిజిస్ట్రీకి రమ్మంటే 'నా మాట మీద నమ్మకం లేదా' అన్న దొరను ఆఫీసుకు లాక్కొచ్చే బలం ఎవరికుంది? కోర్టు దీన్ని కొన్నవాడి నిర్లక్ష్యంగా చూస్తుంది. అది నిర్లక్ష్యం కాదు, కులాధికారం.

ఒప్పందం ప్రకారం కబ్జాలో ఉండి, తన వంతు బాధ్యత నెరవేర్చినవాణ్ణి అమ్మినవాడు వెళ్లగొట్టకుండా 53-ఏ సెక్షన్ కాపాడేది. 2001 సవరణ ఆ రక్షణకు కూడా రిజిస్ట్రేషన్ షరతు పెట్టింది. ఇక మిగిలింది ఒప్పందం అమలుకు దావా. 49వ సెక్షన్ అందులో ఈ కాగితాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. కానీ గడువు 3 ఏండ్లే: రాసుకున్న తేదీ నుంచి, తేదీ లేకుంటే అమ్మినవాడు నిరాకరించినట్టు తెలిసిన నాటి నుంచి.

ఇప్పుడు కాగితాన్ని తిరగేసి చూద్దాం. దళితుడికి సర్కారిచ్చిన అసైన్డ్ భూమిని పెద్దకులం వాడు తెల్లకాగితం మీద రాయించుకున్నడు. 1977 నాటి బదిలీ నిషేధ చట్టం ఆ కొనుగోలు చెల్లదంటుంది, భూమి తిరిగి ఇప్పించాలంటుంది. ఇక్కడ చట్టం మన పక్కనే ఉంది. అయినా భూమి వాడి చేతిలోనే ఉండిపోయిన ఊళ్లెన్నో. రెండు చోట్లా చెల్లని కాగితమే. ఒకచోట చెల్లుబాటవుతున్నది కాగితం కాదు, దాన్ని పట్టుకున్న చెయ్యి.

సాదాబైనామాల క్రమబద్ధీకరణకు 1971 చట్టంలో 5-ఏ సెక్షన్ ఉండేది. 2020లో ఆ చట్టమే రద్దయింది. 2025 భూభారతి చట్టం మళ్లీ దారి తెరిచింది, అదీ 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 దాకా దరఖాస్తు పెట్టినవాళ్లకే. ఆ కబురు అందని వాడల సంగతేంది? గడువు కాదు, ఊళ్లో విచారణ కొలత కావాలె: ఎవరు దున్నుతున్నరు, పాత పహాణీలో అనుభవదారు ఎవరు, కాగితం మీది సాక్షులు ఏమంటున్నరు. ఆ సాక్షులు ముసలివాళ్లయిపోతున్నరు. వాళ్లుండగానే వాళ్ల మాటలు రాసి పెట్టే పని మనది.