తల్లీబిడ్డల రక్షణ కార్డు: ఒక విమర్శ

మన పల్లెల్లో అన్నిటికంటె ఎక్కువ ఇండ్లకు చేరిన ఆరోగ్య గ్రంథమేది అని ఎవరైనా అడిగితే ఏమి సమాధానం చెప్పవలెను? పెద్ద పెద్ద వైద్యుల పుస్తకాలు కావు. గర్భిణిగా పేరు నమోదు చేయించుకున్న ప్రతి స్త్రీ చేతికి వచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డే ఆ గ్రంథం. కేంద్ర ప్రభుత్వపు ఆరోగ్య శాఖ, స్త్రీ శిశు అభివృద్ధి శాఖ కలిసి 2010లో దీనిని దేశమంతటా ప్రవేశపెట్టినవి. తరువాత కొన్ని మార్పులు చేసినవి. గర్భిణి జాగ్రత్తలు, కాన్పు, పసిబిడ్డ సంరక్షణ, టీకాలు, ఆహారం, ఎదుగుదల, ఇన్ని విషయాలు కొద్ది పుటలలో ఇమిడి ఉన్నవి.

ఐతే దీనిని గ్రంథంగా భావించి చదివేవారు అరుదు. రక్తం ఇంత, బరువు ఇంత అని అంకెలు వేయించుకొని చీరెల అడుగున దాచివేస్తారు. ఒక పుస్తకాన్ని విమర్శించేటప్పుడు అది ఏమి చెప్పినది, ఎవరికి చెప్పినది, చెప్పినది వారికి అందినదా అని చూస్తాము. ఈ కార్డును కూడా అదే దృష్టితో, ఒక ప్రాంతంలో నిలిచి పరిశీలిద్దాము.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని కృష్ణాజిల్లా మెట్ట అంటారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఇది ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. పత్తి, మిరప ఇక్కడి ముఖ్యమైన పైర్లు. పత్తితీతలలోను, మిరపకాయ కోతలలోను స్త్రీల కూలిపని ఎక్కువ. జగ్గయ్యపేట దాటి కొద్ది దూరం పోతే తెలంగాణ వస్తుంది. కోదాడ, మధిర వైపుల ఊళ్ళతో ఇక్కడివారికి వియ్యాలు, రాకపోకలు ఉన్నవి. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోవడం మన ఆచారం కదా! కనుక ఒకే గర్భిణి మొదటి నెలలలో ఒక రాష్ట్రంలోను, నెలలు నిండే వేళకు మరొక రాష్ట్రంలోను ఉండడం వింత కాదు. ఆమెకు ముందు జరిగిన పరీక్షలేవో కొత్త ఊరి నర్సుకు చెప్పగలిగినది చేతిలోని కార్డు ఒక్కటే. పుట్టింటికి పోయేటప్పుడు పెట్టెలో మొదట పెట్టవలసిన వస్తువు ఇదే.

కార్డులోని గుణాలు

కార్డులో మెచ్చుకోదగిన మొదటి గుణం కాలనిర్ణయం. మొదటి పన్నెండు వారాలలో పేరు నమోదు, కనీసం నాలుగుసార్లు పరీక్ష, ధనుర్వాతపు టీకా, ఇట్లు ఏది ఎప్పుడు అన్నది సందేహం లేకుండ చెప్పినారు. ఈ టీకాను నేడు కంఠసర్పి టీకాతో కలిపి ఇస్తున్నారు. ఒకప్పుడు మట్టి అంటిన కొడవలితోనో, బ్లేడుతోనో బొడ్డు కోయడం వలన ధనుర్వాతం వచ్చి, పుట్టిన వారం పది రోజులలోనే బిడ్డలు పోయేవారు. గర్భిణులకు టీకా, శుభ్రమైన కాన్పు అనే రెండు సాధనాలతో ఆంధ్రప్రదేశ్ 2003లోను, దేశమంతా 2015లోను పసిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలన స్థాయికి తెచ్చినవి. సలహా సరిగా అందితే ఎంత పని జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

రెండవ గుణం ప్రమాద సూచనలు. రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, తీవ్ర జ్వరం, నొప్పులు రాకుండ ఉమ్మనీరు పోవడం, ఇవి కనిపిస్తే ఆగకుండ ఆసుపత్రికి పోవలెనని బొమ్మలతో చూపినారు. తలనొప్పి, మసక చూపు రక్తపుపోటు పెరిగినదనడానికి గుర్తులు కావచ్చును. దాని వెనుకనే ఫిట్స్ వచ్చి తల్లి ప్రాణానికే ముప్పు కలుగవచ్చును. తలనొప్పే కదా అని అమృతాంజనం రాసి పడుకోబెట్టే ఇంట్లో ఈ ఒక్క బొమ్మ ప్రాణం నిలుపగలదు.

వాహనం ముందే చూసుకొనవలెనన్న సలహా కూడ చిన్నది కాదు. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 నుండి ఉన్నది. ఐనా 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు రహదారి మీదికే నీరు వచ్చినప్పుడు వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయినవి. జూలై నుండి అక్టోబరు దాక నెలలు నిండే గర్భిణి వాగుకు ఏ ఒడ్డున ఉన్నది, ఆసుపత్రి ఏ ఒడ్డున ఉన్నది అన్నది ముందే ఆలోచించవలసిన విషయం. ఇట్టిది దిల్లీలో తయారైన కార్డులో ఉండదు. స్థానికులే చేర్చుకొనవలెను.

ఆజ్ఞ ఉన్నది, కారణం లేదు

ఇక లోపాలు. కార్డు భాష అంతా ఆజ్ఞల భాష. ఇది చేయండి, అది చేయవద్దు అనడమే కాని ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం దాదాపు కానరాదు. చోటు చాలదన్నది నిజమే. కాని కారణం తెలియని సలహా, ఇంట్లో పెద్దవారు ఒక్కమాట ఎదురు చెప్పగానే వీగిపోతుంది.

ఇనుము మాత్రనే తీసుకొందాము. నాలుగవ నెల నుండి కనీసం 180 రోజులు రోజుకొక మాత్ర మింగవలెను. కొందరికి వికారం కలుగుతుంది. మలం నల్లబడుతుంది. దానికి తోడు "మాత్రలు మింగితే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందే అమ్మాయ్" అని ఎవరో పెద్దావిడ అంటుంది. మాత్రలు కిటికీలోనే ఉండిపోతవి. కారణం చెప్పి ఉంటే ఈ మాట నిలువదు. గర్భిణి శరీరంలో రక్తద్రవం నూటికి 40 నుండి 50 పాళ్ళు పెరుగుతుంది. దానికి తగినన్ని ఎర్రకణాలు తయారు కావడానికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం కావలెను. అవి చాలకపోతే కాన్పులో పోయే కొద్దిపాటి రక్తాన్ని కూడ తల్లి తట్టుకొనలేదు. రక్తహీనత ఎక్కువైనకొద్దీ బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండ పుట్టే భయం పెరుగుతుంది. మలం నల్లబడడం ఒంటికి పట్టని ఇనుము బయటికి పోవడం వలననే, హాని లేదు. మాత్రతోపాటు టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. నిమ్మ, ఉసిరి తింటే ఎక్కువగా పడుతుంది. కాల్షియం మాత్రను వేరొక పూట వేసుకొనవలెను.

ఈ ఫోలిక్ ఆమ్లం కథ మన దేశంలోనే మొదలైనదన్న సంగతి విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తుంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశోధించినది. ఈస్టు సారం తినిపిస్తే వారు కోలుకొనడం గమనించి 1931లో ప్రకటించినది. అందులోని గుణకారి పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా తేలినది. ఐనా 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులే.

ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీరు కూడ పట్టవద్దన్న ఆజ్ఞ మరొకటి. మే నెలలో జగ్గయ్యపేట ఎండ తెలిసిన అమ్మమ్మ ఈ మాట ఎట్లా నమ్ముతుంది? బిడ్డ నోరు ఎండిపోతున్నదని ఉగ్గుగిన్నెతో నీళ్ళు పోస్తుంది. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీరే అన్న ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆమె సందేహం తీరేది. బిడ్డ కడుపు చిన్నది. నీటితో నిండితే పాలకు చోటుండదు. నీటి వెంట విరేచనాల క్రిమి కూడ లోపలికి పోవచ్చును. వేసవిలో ఎక్కువసార్లు పాలివ్వడం, తల్లి ఎక్కువ నీరు తాగడం, ఇదే ఉపాయం.

పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెనని కూడ కార్డు చెప్పుతున్నది. ముర్రుపాలలో వ్యాధినిరోధక పదార్థాలు దండిగా ఉన్నవి. పైన చెప్పిన సర్వేలో మన రాష్ట్రపు కాన్పులు నూటికి 96కు పైగా ఆసుపత్రులలోనే జరిగినవని తేలినది. కాని గంటలోపల పాలు తాగిన బిడ్డలు సగానికి కొంచెం మాత్రమే పైగా ఉన్నారు. తప్పు అమ్మమ్మలదే అనడానికి ఇక్కడ వీలు లేదు. ఆ సర్వేలో నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. ఆపరేషను జరిగినా, నడుముకు మాత్రమే మత్తు ఇచ్చినప్పుడు తల్లి మెలకువగానే ఉంటుంది. ఆసుపత్రివారు పూనుకొంటే ఆ గంటలోనే బిడ్డను రొమ్ముకు చేర్చవచ్చును.

ఆచారాల విషయంలో మౌనం

కార్డులోని మరొక లోపం, మన ఆచారాలలో మంచి ఏది, చెడు ఏది అని వేరుచేయకపోవడం. ఇంట్లో జరిగే వాటిని ప్రస్తావించని సలహా ఇంటికి పరాయిగానే ఉండిపోతుంది.

పుట్టింటి విశ్రాంతి మంచిది. బిడ్డకు మెల్లగా నూనె మర్దన చేయడం మంచిది. ఉగ్గుగిన్నె చాల మంచిది. నెలలు నిండక పుట్టి రొమ్ము పట్టలేని బిడ్డకు పిండిన తల్లిపాలు పట్టడానికి ఆసుపత్రులలో వాడే ముక్కుగిన్నె దానికి తోబుట్టువే. సీసా కంటె దానిని శుభ్రం చేయడం సులభం. చెడ్డది ఆ గిన్నెలోని ఆముదము, వస, తేనె. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించరాదు. దానిలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగులో విషాన్ని పుట్టించవచ్చును. ముక్కులో, చెవులలో నూనె చుక్కలు వేయరాదు. ముక్కులోని నూనె ఊపిరితిత్తులలోకి పోతే జబ్బు చేస్తుంది. బొడ్డు మీద పసుపు, బూడిద వంటివి ఏవీ పెట్టక పొడిగా ఉంచవలెను. బాలింతకు పథ్యమని చప్పిడి మెతుకులు పెట్టి, మంచినీళ్ళకు కూడ హద్దు పెట్టడం తల్లికి, పాలకు కూడ నష్టం. పాలిచ్చే తల్లికి గర్భిణిగా ఉన్నప్పటికంటె ఎక్కువ ఆహారం కావలెను.

విశ్రాంతికి ఖరీదు

రాత్రి ఎనిమిది గంటలు, పగలు రెండు గంటలు గర్భిణి విశ్రాంతి తీసుకొనవలెనని కార్డు చెప్పుతున్నది. సలహా శాస్త్రసమ్మతమే. కాని మిరపకోతల రోజులలో కూలికి పోయే స్త్రీ పగటి రెండు గంటలు ఎక్కడినుండి తెచ్చుకుంటుంది? ఉద్యోగినికి 26 వారాల ప్రసూతి సెలవు 2017 నుండి చట్టంలో ఉన్నది. పొలం కూలికి అది అందదు. 2017లో మొదలైన ప్రధానమంత్రి మాతృవందన పథకం కింద తొలికాన్పుకు 5,000 రూపాయలు ఇస్తారు. దానిని రెండు నెలల విశ్రాంతికి పంచి చూడండి, రోజుకు 83 రూపాయలు వస్తుంది. సలహా పాటించకపోవడం అజ్ఞానం వలననే అని విసుగుకొనే ముందు ఈ లెక్క గుర్తుంచుకొనవలెను.

అన్నిటికంటె విలువైన పుట

కార్డులో అన్నిటికంటె శాస్త్రీయమైన భాగం ఎదుగుదల పటం. విచిత్రమేమంటే ఎక్కువగా ఖాళీగా మిగిలేది కూడ అదే. డేవిడ్ మోర్లే అనే ఆంగ్ల వైద్యుడు నైజీరియాలోని ఇమేసి గ్రామంలో పనిచేస్తూ, బిడ్డ బరువును నెలనెలా గీతగా గీసి తల్లి చేతిలోనే ఉంచే పద్ధతిని రూపొందించినాడు. నేటి పటంలోని రేఖలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించినవి. భారతదేశంతో సహా ఆరు దేశాలలో చక్కని పోషణ పొందిన బిడ్డలను కొలిచి వీటిని తయారుచేసినారు. సరియైన పోషణ ఉంటే తొలి అయిదేళ్ళలో ఏ దేశపు బిడ్డలైనా దాదాపు ఒకే తీరున ఎదుగుతారని ఆ పరిశోధనలో తేలినది.

పటంలో ఆకుపచ్చ పట్టె ఉంటుంది. బిడ్డ చుక్క అందులో పడితే చాలునని అందరు అనుకుంటారు. ఇక్కడనే పొరపాటు. ఉదాహరణకు ఒక ఆడబిడ్డ ఆరవ నెలలో 6.8 కిలోలు ఉన్నదనుకొందాము. ఏడవ నెలలో 6.8, ఎనిమిదవ నెలలో 6.8, తొమ్మిదవ నెలలో 6.8. తొమ్మిదవ నెలకు హద్దు 6.5 కిలోలు. కనుక నాలుగు చుక్కలూ ఆకుపచ్చలోనే ఉన్నవి. ఐనా ఈ మూడు నెలలలో ఆ వయసు బిడ్డలు సుమారు 900 గ్రాములు పెరుగుతారు. ఈ బిడ్డ ఏమీ పెరుగలేదు! ప్రమాదాన్ని చెప్పేది చుక్క ఉన్న చోటు కాదు, గీత వాలు. హద్దు దాటే దాక ఆగితే మూడు నెలలు వృథా అయినట్లే.

గీత ఎందుకు అడ్డంగా సాగినది? ఆరు నెలలు నిండిన తరువాత తల్లిపాలు మాత్రమే చాలవు. పలుచని పప్పుచారు అన్నం పెడితే కడుపు నీటితో నిండుతుంది కాని బలం చాలదు. చెంచా వంచితే జారిపోని మెత్తని ముద్ద కావలెను. పప్పు అన్నంలో చెంచాడు నెయ్యియో నూనెయో, ఉడికించిన గుడ్డు, చిక్కని రాగి జావ, మెత్తగా నూరిన వేరుసెనగ పొడి, మెదిపిన ఆకుకూర, ఇవన్నీ మన ఇండ్లలోనివే. తల్లిపాలు రెండేళ్ళ దాక మానరాదు. విరేచనాల వలన కూడ గీత ఆగవచ్చును. అప్పుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణం, 14 రోజులు జింకు మాత్రలు ఇస్తూ ఆహారం ఆపక పెట్టవలెను.

ఇప్పుడు అంగన్‌వాడీ కార్యకర్త బరువును ఫోనులోని పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తున్నది. అంకె దిల్లీ దాక పోతుంది. కాని గీత తల్లి కంటికి కనబడదు. మోర్లే ఉద్దేశించినది తల్లి చూడడానికి కదా!

ఉపాధ్యాయులు చేయదగిన పని

కార్డు మంచిది. దానిని మార్చి రాయమని కోరవచ్చును. కాని అంతవరకు దానికి వ్యాఖ్యానం కావలెను. ఆ వ్యాఖ్యాతలు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులే. తొమ్మిదవ, పదవ తరగతుల లెక్కల పాఠంలో రేఖాచిత్రాలు ఉన్నవి. అడ్డంగా నెలలు, నిలువుగా కిలోలు వేసి పైన చెప్పిన బిడ్డ చుక్కలను విద్యార్థుల చేత గీయించండి. అదే కాగితం మీద ఆరవ నెలలో 6 కిలోలు, తొమ్మిదవ నెలలో 7 కిలోలు ఉన్న మరొక బిడ్డ గీత వేయించండి. ఇద్దరిలో ఎవరిని గురించి ముందు ఆందోళన పడవలెనో అడగండి. మొదట బరువు తక్కువైనా రెండవ బిడ్డ ఎదుగుతున్నది. వాలు అనే భావన దీనికంటె బాగా బోధపడే ఉదాహరణ దొరకదు. ఊరి పిల్లల పేర్లు, వారి కార్డులు మాత్రం తరగతిలోకి తేవద్దు.

విద్యార్థులకు ఒక మాట. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు మాత్ర కూడ ఇనుము, ఫోలిక్ ఆమ్లమే. దానిని అన్నం తిన్న తరువాత మింగండి. ఇంటికి పోయి మీ అక్కదో వదినదో కార్డు ఉంటే ఆమెను అడిగి చూడండి. చివరి రెండు నెలల చుక్కలు వేసి ఉన్నవో లేవో చూసి, లేకపోతే బరువు తూయించి గీత కలపడానికి సాయపడండి. తేనె వద్దని, ఎండలోనైనా నీళ్ళు వద్దని అమ్మమ్మకు చెప్పేటప్పుడు, ఎందుకు వద్దో కూడ చెప్పండి.