రెండు టర్బోల చోట ఒకటి

హైదరాబాద్‌లో కోఠి పక్కనే పుత్లీబౌలి, జాంబాగ్ వీధుల్లో మోటారు విడిభాగాల దుకాణాలున్నాయి. ఈ ఊళ్లో టర్బో మరమ్మతంటే ఎక్కువగా డీజిల్ బండ్లదే. ఆ చేతిపనితనమే ఇంకో కష్టమైన పనికీ పునాది: రెండు టర్బోల ఇంజిన్‌ను ఒక్క టర్బోకి మార్చడం.

1993 టయోటా సుప్రాలోని 3 లీటర్ల 2జేజెడ్-జీటీఈ ఇంజిన్ ఇందుకు పేరుమోసింది. వేగం తక్కువగా ఉన్నప్పుడు ఒక టర్బో, సుమారు 4,000 ఆర్‌పీఎం దాటాక దానికి తోడుగా రెండోది. ఎంత తెలివైన ఏర్పాటో! కానీ దాన్ని నడిపించే వాక్యూమ్ గొట్టాలు పాతబడితే లీకు ఎక్కడో దొరకదు. పెద్ద టర్బో ఒకటే పెడితే ఆ చిక్కు తీరుతుంది, బూస్ట్ మాత్రం కాస్త ఆలస్యంగా అందుతుంది.

మానిఫోల్డ్, డౌన్‌పైపు, ట్యూనింగ్ అన్నీ మారాలి. వాటన్నిటికన్నా ముఖ్యం ఆయిల్.

నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో ఇరుసు పల్చటి ఆయిల్ పొర మీదే తేలుతుంది. ఆ ఆయిల్ సంప్‌లోకి దిగే గొట్టం కిందికి వాలి ఉండాలి, లేకపోతే సీలు దాటి నీలిపొగ. అందుకే మంచి మేస్త్రీ ముందుగా ఇరుసును రెండు వేళ్లతో పట్టి కదుపుతాడు. వెంట్రుకవాసి ఆట ఉంటే ఫర్వాలేదు. రెక్క హౌసింగ్‌ను తాకిందా, ఆ టర్బోను పక్కన పెట్టేస్తాడు.